జున్ను గోడ మేస్త్రి

(నేపుల్స్, కార్నివాల్ చివరి ఆదివారం)

మొదట కర్రల చట్రం.
దాని మీద రొట్టెలు, ఇటుకల వరసలో,
ఒకదాని అతుకు మీద ఇంకొకటి కూర్చునేలా.
సందుల్లో సున్నం కాదు, పంది కొవ్వు.
చలికాలం కాబట్టి పట్టుకుంటుంది.
ఎండ కాస్తే మాత్రం గోడకి చెమట పోస్తుంది.

నా పేరు అనియెల్లో. తాపీ మేస్త్రిని.
మా నాన్న చర్చీలకు గోడలు లేపాడు,
నేను రాజుగారి మేడ ముందు
జున్నుతో కోట కడతాను.
దాని ఆయుష్షు ఒక్క పగలు.

వాస్తుశిల్పి కాగితం మీద గీసిచ్చాడు:
ఇక్కడ ఫౌంటెన్, అందులో ఎర్ర ద్రాక్షసారా.
అక్కడ బాతులు, రెక్కలు పరిచి మేకులు కొట్టాలి,
బతికుండగానే,
కదిలితే దూరానికి బాగా కనిపిస్తాయట.
ఆ పని కుర్రాళ్ళకి అప్పజెప్పాను
నేను చెయ్యలేదని చెప్పుకోవడానికి.

రాత్రి సిపాయిల కాపలా.
వాళ్ళకీ ఆకలే.
ఒకడు గోడకి ముక్కు ఆనించి
నిలబడే నిద్రపోయాడు.

పై వరసకి వచ్చేసరికి డబ్బు చాల్లేదు.
వాస్తుశిల్పి నా చెవిలో అన్నాడు:
వేలాడే పంది తొడలు సున్నంతో పొయ్యి,
ఎర్రమన్ను పులుము, కొవ్వు గీతకి తెల్లరంగు.
పదకొండు పోశాను.
పన్నెండోది అసలుది. పక్కన పెట్టి చూస్తే
నాకే తేడా తెలియలేదు.
ఆ పూట కూలి కన్నా గర్వమే ఎక్కువ ముట్టింది.
మేడ మీంచి చూసేవాళ్ళకి
సున్నమూ మాంసమూ ఒకటే దూరం.

ముందు రోజు రాత్రి అక్క కార్మొసీనాతో చెప్పాను,
మీ తిత్తాని పైకి ఎక్కొద్దను,
ఎడమ మూల, కింద మూడో వరస,
గట్టి జున్ను అక్కడుంది.
పైన ఏముందో చెప్పలేదు.
చెబితే ఊరికి తెలుస్తుంది,
ఊరికి తెలిస్తే రాజుకి తెలుస్తుంది.
రాజుకి తెలిస్తే
నవ్వి ఉండేవాడేమో, అంతే.

చేతిరుమాలు కదిలింది.
ఫిరంగి పేలింది.

పదిహేను రోజులు కట్టింది
పరలోక ప్రార్థన ఎనిమిదిసార్లు చదివేలోగా
నేలమట్టం.
రెక్క ఒకడి చేతిలో, బాతు ఇంకొకడి చేతిలో.
పైన విసనకర్రలు ఆగాయి, చప్పట్లు మోగాయి.
వాళ్ళ భోజనంలో ఏమేం వడ్డించారో నాకు తెలియదు.
మేం తినడాన్ని వాళ్ళు తిన్నారని మాత్రం తెలుసు.

తిత్తా పైకే ఎక్కాడు.
పద్నాలుగేళ్ళవాడికి
కింద ఉన్నది ఎప్పుడు ఆనింది కనక?

సాయంత్రం అక్క ఇంట్లో
వాడి పెదవి చిట్లి ఉంది, ముందు పన్ను సగమే ఉంది.
బల్ల మీద నా పనితనం,
పంటిగాటు పడ్డచోట తెల్లగా.
ఆకలి రుచెరగదంటారు.
సున్నాన్ని మాత్రం ఎరిగింది.

అక్క నన్నేమీ అనలేదు.
నా గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను చూసింది.
లేచి, ఆ తొడకి తాడు కట్టి
పొయ్యి మీద వేలాడదీసింది.
మూడు రోజుల్లో ఉపవాస దినాలు,
నలభై రోజులు మాంసం ముట్టకూడదు.
ఆ ఇంట్లో నియమం తప్పే భయం లేదు.
పిల్లలు దాన్ని చూస్తూ వట్టి రొట్టె తిన్నారు.
చిన్నది, ఇవాళ వాసన బాగుంది, అంది.

వారం తిరక్కుండా రాగిరేకు అచ్చు బజారుకొచ్చింది.
కోట, ఫౌంటెన్, పన్నెండు తొడలు,
అడుగున వాస్తుశిల్పి పేరు, వంకీల అక్షరాల్లో.
జనం లేరు.
చేతిరుమాలు కదలక ముందరి నిమిషం అది.
ఒక్క అచ్చు ఖరీదు
మా అక్క ఇంట్లో నాలుగు రోజుల రొట్టె.

వచ్చే ఏటి కబురు అప్పుడే వచ్చింది.
ఈసారి సున్నం పాలు పెంచమన్నారు.
బస్తాలు లెక్క రాసుకుంటున్నాను.
తిత్తా నాతో పనిలోకి వస్తానన్నాడు.
రానిస్తాను.
కొవ్వు గీత ఎక్కడ పడితే
నోరూరుతుందో
నాకన్నా వాడికే బాగా తెలుసు.